ట్రైలర్ లాగడానికి పాత ఫార్చ్యూనరా, వీ-క్రాసా?
బెంగళూరులో సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) కోసం నేనూ మా బావా రెండు ఆదివారాలు తిరిగితే చివరికి మిగిలినవి ఈ రెండే, టొయోటా ఫార్చ్యూనర్ ఎస్‌యూవీ, ఇసుజు వీ-క్రాస్ పికప్. రెండూ లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి గట్టి ఉక్కు చట్రం) బండ్లే, రెండిట్లోనూ లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) ఉంది. కానీ 2016 చివర్నుంచి 2020 దాకా వచ్చిన ఫార్చ్యూనర్ 2.8 ఆటోమేటిక్‌కి 450 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ లాగే బలం) అయితే, మన శ్రీసిటీలో తయారైన పాత 2.5 లీటర్ వీ-క్రాస్‌కి 320 మాత్రమే, బరువైన ట్రైలర్‌తో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా కాలికే తెలిసిపోతుంది. అయితే వీ-క్రాస్‌కి ఓ సుగుణం ఉంది, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కాబట్టి హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద భారం పడినా తోక అంతగా కుంగదు. ఫార్చ్యూనర్‌కి కాయిల్ స్ప్రింగులు, పైగా పాతదైనా రేటు దిగిరాదు!

మేం చూసిన వీ-క్రాస్ కింద టార్చ్ వేసి చూస్తే హిచ్ బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి, ట్రైలర్ లైట్ల వైరుకి టేపు చుట్టి వదిలేశారు. అయినా బావకి ఆ వీ-క్రాసే నచ్చింది, నేనైతే ఫార్చ్యూనరే అంటాను.