మెము రద్దయితే గుంటూరు చేరేదెలా?

విజయవాడ నుంచి గుంటూరుకు రైల్లో 32 కిలోమీటర్లే. మంగళగిరి, నంబూరు, పెదకాకాని దాటితే వచ్చేసినట్టే. నేను బయల్దేరిన సాయంత్రం మాత్రం మెము, అంటే కరెంటుతో నడిచే లోకల్ రైలు, రద్దు. లైన్ బ్లాక్ ఇచ్చారట, అంటే పనుల కోసం కాసేపు ట్రాక్ మూశారన్నమాట. "ఎప్పుడూ మన లోకల్ బండ్లే ఆపేస్తారేంటి?" అని ప్లాట్‌ఫారం మీద అందరిదీ ఒకటే గొడవ.

చిక్కంతా కృష్ణా నది మీదే ఉంది. గుంటూరు బండ్లూ, తెనాలి మీదుగా చెన్నై వెళ్లే బండ్లూ కలిసే నది దాటి, కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర విడిపోతాయి. ఆ కాస్త దారిలో పనులు పెడితే దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లకే ముందు దారి ఇస్తారు. పైగా వెళ్లిన రేకే (బోగీల వరుసే) తిరిగి రావాలి కాబట్టి, పొద్దున ఒక ట్రిప్పు పోతే సాయంత్రం ఇంకోటి పోవచ్చు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు విజయవాడ పక్కన రాయనపాడు స్టేషన్ మునిగి, తెలంగాణలో కేసముద్రం దగ్గర ట్రాక్ కింద కట్ట కొట్టుకుపోయి ఎన్నెన్ని రైళ్లు ఆగాయో గుర్తుంటే ఇదొక లెక్కే కాదు.

రద్దు కన్నా టికెట్‌తోనే అసలు చికాకు. ఎయిమ్స్‌కని మంగళగిరి వెళ్తున్న పెద్దావిడ ఒకరు, "బాబూ, ఈ టికెట్‌తో వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చా?" అని అడిగారు. "ఎక్కకండమ్మా, ఇది ఆర్డినరీ టికెట్, అందులో చెల్లదు" అన్నాను. ఆర్డినరీ కనీస ఛార్జీ 10 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 30. పైగా ఎక్స్‌ప్రెస్ మంగళగిరిలో ఆగుతుందో లేదో కూడా చూసుకోవాలి. సీజన్ పాస్ ఉన్నవాళ్లూ స్లీపర్‌లోకి ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ అయితే సర్‌ఛార్జి కట్టి ఉండాలి. ఫోన్లో కొత్త టికెట్ తీద్దామంటే, స్టేషన్ లోపల ఉన్నప్పుడు అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తేనే వస్తుంది.

చివరికి ఆమెనూ వెంటబెట్టుకుని ఆటోలో పండిట్ నెహ్రూ బస్టాండుకు వెళ్లాను. మంగళగిరి దాకా అయితే నా ఓటు బస్సుకే. స్త్రీశక్తి పథకంలో ఆమెకు ఎక్స్‌ప్రెస్ బస్సులో ఉచితం, నాన్‌స్టాప్‌లో అయితే టికెట్ కొనాల్సిందే. గుంటూరు దాకా మాత్రం బండి నడిచే రోజు రైలే హాయి. బస్సులో అయితే, సాయంత్రం కృష్ణ మీది వారధి దగ్గర వాహనాలు ఆగిపోతే కాజా టోల్‌గేట్ దాకా ఓపిక పట్టాలి.

తిరుగు ప్రయాణంలో రాత్రి ఆలస్యమై విజయవాడలోనే ఉండిపోయాను. స్టేషన్ రిటైరింగ్ రూమ్‌కు పీఎన్ఆర్ (రిజర్వేషన్ నంబరు) అడుగుతారు, జనరల్ టికెట్‌కు అదెక్కడుంటుంది! గాంధీనగర్‌లో ఒక లాడ్జిలో దిగాను. మంచం, దుప్పటి శుభ్రమే. 24 గంటల చెకౌట్ అని చెప్పి, పొద్దున్నే తలుపు కొట్టారు. అక్కడ దిగేవాళ్లు చెకౌట్ సమయం రసీదు మీద రాయించుకోండి.

బయల్దేరే ముందు బండ్ల రాకపోకలు చూపే రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లోనో, రైల్వే విచారణ నంబరు 139కి ఫోన్ చేసో చూసుకోవడం నయం. పాక్షిక రద్దు అని ఉంటే ఏ స్టేషన్ దాకా అన్నది కూడా చదవండి. గుంటూరు నుంచి వచ్చే బండి కృష్ణా కెనాల్‌లోనే ఆగిపోతే, నది దాటడానికి తాడేపల్లిలో ఆటో వెతుక్కోవాలి.