అరకులో యాప్ ద్వారా ఇల్లు తీసుకుంటున్నవాళ్లకు హెచ్చరిక: వెనక మెట్ల దారికి తాళం ఉందేమో చూసుకోండి

అరకులో హోమ్‌స్టే వెతుక్కుంటున్నవాళ్లు దయచేసి ఇది చదివిన తర్వాతే డబ్బు కట్టండి. మొన్న శనివారం రాత్రి మేం అక్కడ ఒక ఇంట్లో పొగలో చిక్కుకుని ఎలాగో బయటపడి, ఆదివారం సాయంత్రానికి కాకినాడ చేరుకున్నాం. ఈరోజు పొద్దున్న ఆ ఇంటి యజమాని మా 10,000 రూపాయల డిపాజిట్‌లోంచి 6,500 పట్టుకున్నట్టు యాప్‌లో మెసేజ్ వచ్చింది. ఆ డబ్బు మేం ఊడగొట్టిన తాళం కొండీకీ, వంగిన గ్రిల్లుకూ అట. ఆ కొండీ ఊడకపోయి ఉంటే మా అత్తయ్యగారు ఈరోజు మా మధ్య ఉండేవారు కారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఏ యాప్ అన్నది చెప్పనక్కర్లేదు, మనలో చాలామంది వాడేదే. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, ఆయాసం ఉన్న మా అత్తయ్యగారు వెళ్లాం. రెండంతస్తుల ఇంట్లో పై అంతస్తు మాకిచ్చారు, కింద ఎవరో నలుగురు కుర్రాళ్లు దిగారు. ఈ ఇంటినే తీసుకుందామని పట్టుబట్టింది నేనే. పెద్దావిడను తీసుకెళ్తున్నాం కదా అని లిస్టింగ్ అంతా జాగ్రత్తగానే చదివాను. స్మోక్ అలారం ఉంది, మంటలార్పే సిలిండర్ ఉంది అని టిక్కులు పెట్టి ఉన్నాయి, పైగా వెనక బాల్కనీ నుంచి పెరట్లోకి దిగే ఇనప మెట్లు ఫోటోలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండో దారి ఉందని ధైర్యపడి కట్టిన డబ్బు అది.

శనివారం సాయంత్రం తడి తువ్వాళ్లు ఆరేయడానికి ఆ బాల్కనీలోకి వెళ్లినప్పుడు, మెట్ల వైపున్న గ్రిల్లు తలుపుకు పెద్ద తాళం కప్ప వేలాడుతూ కనిపించింది. దొంగల భయంతో వేసి ఉంటారులే అనుకుని, తాళంచెవి ఎక్కడుందని ఒక్క మాటైనా అడగకుండా లోపలికి వచ్చేశాను. రాత్రి పదిన్నరకు కింద కుర్రాళ్లు, క్యాంప్‌ఫైర్ దగ్గర మిగిలిన నిప్పులను ఇనప బాండ్లీలోకి ఎత్తి చలికి హాల్లోకి తీసుకెళ్తుంటే మెట్ల మీద నిలబడి చూశాను. "బాబూ, లోపల వద్దు" అనాలని నోటి దాకా వచ్చింది, కానీ పరాయివాళ్లతో మాటలెందుకని ఊరుకున్నాను. ఈ రెండు విషయాల్లో నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ముక్కుకు పొగ తగిలినా, అది బయటి క్యాంప్‌ఫైర్ వాసనే అనుకుని దుప్పటి తల మీదకు లాక్కుని పడుకున్నాను.

రెండు దాటాక అత్తయ్యగారి దగ్గుకు మెలకువ వచ్చింది. లైటు వేస్తే బల్బు చుట్టూ మసక కమ్మి ఉంది. గది తలుపు తీయగానే మెట్ల మీదుగా నల్లటి పొగ ఒక్కసారిగా మొహాన కొట్టింది. పెద్ద మంటేమీ కనిపించలేదు. బూడిద పైకి చల్లగానే కనిపించినా లోపల నివురుగప్పిన నిప్పు అలాగే ఉండి, బాండ్లీ పక్కనున్న సోఫాకు అంటుకుంది. సోఫాల్లో వేసే స్పాంజి కాలితే వచ్చే పొగ ఎంత చిక్కగా, ఎంత ఘాటుగా ఉంటుందో మాకు ఆ రాత్రే తెలిసింది. ఆ ఇంట్లో కిందికి దిగే మెట్లు సరిగ్గా ఆ హాల్లోకే దిగుతాయి కాబట్టి అటు వెళ్లే దారే లేదు. మా ఆయన తలుపు మూసి సందులో తడి దుప్పటి కుక్కారు, నేను ఫైర్ స్టేషన్ నంబరు 101కి ఫోన్ చేశాను, తర్వాత అందరం బాల్కనీలోకి వెళ్లాం. సాయంత్రం నేను చూసిన తాళం అక్కడే ఉంది.

కింద పెరట్లో వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. తాళంచెవి తెమ్మని అరిచాం. అతను చేతులు జోడించి చెప్పిన మాట నా చెవుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది: "తాళంచెవి నా దగ్గర లేదమ్మా, సారు దగ్గరుంది, సారు వైజాగులో ఉంటారమ్మా." వైజాగు అక్కడికి వంద కిలోమీటర్లు పైనే, అదీ ఘాట్ రోడ్డు. ఐదుగురు మనుషులు నిద్రపోతున్న అంతస్తుకున్న రెండో దారి తాళంచెవి వైజాగులో ఎవరి ఇంట్లోనో ఉంది. ఆ మాట విన్నాక మా చిన్నది, "అమ్మా, మనం ఇక్కడే ఉండిపోవాలా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వాచ్‌మన్ మీద నాకు కోపం లేదు. అతనికి ఇవ్వని తాళంచెవిని అతను ఎక్కడి నుంచి తెస్తాడు?

మా గది తలుపు పక్కన గోడకు వేలాడుతున్న ఎర్ర సిలిండర్‌ను మా ఆయన అప్పటికే లాక్కొచ్చి పిన్ను పీకి నొక్కి చూశారు. దాని గొట్టంలోంచి చిటికెడు పొడైనా రాలేదు. టార్చి వేసి చూస్తే, పచ్చ గీతలో ఉండాల్సిన ముల్లు ఎర్ర గీత చివర ఆనుకుని ఉంది. అంటే లోపల ఒత్తిడి ఏమీ మిగలలేదన్నమాట. మెడకు కట్టిన చీటీ మీద మళ్లీ నింపించాల్సిన తేదీ దాటి రెండేళ్లయింది. చివరికి ఆ సిలిండర్‌నే రెండు చేతులతో ఎత్తి తాళం మీద కొట్టడం మొదలుపెట్టారు. కప్ప విరగలేదు గానీ, ఎన్నో దెబ్బలకు గ్రిల్లు కొండీ ఊడొచ్చింది. ముందు పిల్లలు దిగారు. అత్తయ్యగారిని ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని దించేసరికి ఆవిడ పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. ఇన్‌హేలర్ హ్యాండ్‌బ్యాగులో ఉండబట్టి సరిపోయింది. ఈలోగా వాచ్‌మన్, ఆ కుర్రాళ్లు డ్రమ్ములో నీళ్లు ఎత్తి పోసి, ఫైరింజన్ వచ్చేలోపే నిప్పు ఆర్పేశారు.

తెల్లవారాక సామాన్లకోసం పైకి వెళ్లినప్పుడు, అంత పొగలో కూత వేయని ఆ స్మోక్ అలారాన్ని కుర్చీ వేసుకుని దించి చూశాను. బ్యాటరీ పెట్టే చోట ఉత్త స్ప్రింగు ఉంది. పక్కన అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా కంపెనీ అంటించినట్టే ఉంది, కొన్నాక ఎవరూ పీకనే లేదు. లిస్టింగులో టిక్కు పెట్టుకోవడానికి దాన్ని కప్పుకు బిగించారు, అంతే. దాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను.

ఏడింటికి యజమాని ఫోన్ చేశారు. పిల్లలెలా ఉన్నారని గానీ, పెద్దావిడెలా ఉన్నారని గానీ అడగలేదు. మొదటి ప్రశ్న "సోఫా ఒకటేనా, టీవీ కూడా పోయిందా?" అని. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఎందుకు పెట్టలేదని నేను అడిగితే ఆయనన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "చూడండి మేడం, నిప్పు పెట్టింది కింద గెస్టులు. గ్రిల్లు పగలగొట్టింది మీరు. ఎవరి డ్యామేజీ వాళ్లు కట్టుకుంటే గొడవే లేదు." నేను కాసేపు మాట్లాడలేకపోయాను. పొగలో ఉన్నప్పుడు ఏడవలేదు గానీ, ఫోన్ పెట్టేశాక కారులో కూర్చుని ఏడ్చాను. పట్టుకున్న డబ్బు ఎలాగో రాబట్టుకుంటాం. మా అత్తయ్యగారి ప్రాణాన్ని ఆయన గ్రిల్లు కొండీతో సమానంగా లెక్క కట్టడాన్ని మాత్రం నేను ఎప్పటికీ మరిచిపోలేను.

ఆ కుర్రాళ్ల తప్పు చిన్నదని నేను అనడం లేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే మంట లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది. దానికి రంగు, వాసన ఉండవు కాబట్టి నిద్రలో ఉన్నవాళ్లకు తెలియదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో తలుపులన్నీ బిగించుకుని గ్యాస్ హీటర్ వేసుకుని పడుకున్న కేరళ యాత్రికులు, పిల్లలతో సహా 8 మంది, రిసార్టు గదిలోనే చనిపోయారు. సోఫా అంటుకోకపోయి ఉంటే ఆ నలుగురూ పొద్దున లేచేవారో లేదో చెప్పలేం. వాళ్లు వచ్చి అత్తయ్యగారి కాళ్లు పట్టుకుని క్షమించమన్నారు, నష్టం కడతామని కూడా అన్నారు. అయితే గెస్టులంటే అలసిపోయి, చలికి వణికి, ఒక్కోసారి తాగి కూడా ఉండే మనుషులు. వాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అజాగ్రత్తగా ఉంటారని తెలిసే కదా అలారం, సిలిండర్, రెండో దారి పెట్టమనేది. అద్దె తీసుకునే మనిషి చేయాల్సిన పని అదే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట పుడితే, పైనున్న లాడ్జిలోకి పొగ ఎక్కి 8 మంది చనిపోయారు. పొగకు మెట్ల దారి ఎప్పుడూ తెరిచిన పొగగొట్టమే.

మన దగ్గర ఎవరైనా ఇల్లు ఫోటో తీసి యాప్‌లో పెట్టేస్తున్నారు, నాకు కనిపించినంతలో దాన్ని వచ్చి చూసేవాళ్లు లేరు. 2023 మార్చిలో కెనడాలోని మాంట్రియల్‌లో ఇలా యాప్‌లలో అద్దెకిచ్చిన పాత భవనం కాలి 7 మంది చనిపోయినప్పుడు, అందులో కొన్ని గదులకు కిటికీలే లేవని బయటపడింది. ఆ తర్వాత ఆ నగరమున్న క్యూబెక్ రాష్ట్ర ప్రభుత్వం, రిజిస్ట్రేషన్ నంబరు లేని ఇంటిని యాప్‌లో చూపించకూడదని చట్టం చేసింది. ఇక్కడ కూడా కనీసం ఆ మాత్రం ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మా ఫిర్యాదుకు ఆ యాప్ వాళ్లిచ్చిన జవాబు రెండు వాక్యాలు, ఇది మీకూ యజమానికీ మధ్య విషయమని. నేను వదిలిపెట్టను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు వాళ్ల దగ్గర ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అక్కడా ఫిర్యాదు రాయించాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, దానికోసం మళ్లీ ఘాట్ ఎక్కాల్సిన పనిలేదు.

వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది కొద్దిగానే. సామాన్లు దించకముందే సిలిండర్ ముల్లు పచ్చలో ఉందా చూడండి, అలారం మీద బటన్ నొక్కి కూత వినండి, తాళం వేసిన తలుపు ప్రతిదానికీ తాళంచెవి ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టండి. ఎవరైనా నిప్పులు లోపలికి తెస్తుంటే మొహమాటపడకుండా ఆపండి. నిన్న సాయంత్రం చూసినప్పటికి ఆ ఇంటి లిస్టింగులో అలారం టిక్కు అలాగే ఉంది, సంక్రాంతి సెలవులకు బుకింగులు కూడా తీసుకుంటున్నారు. అరకులో ఇప్పటికే ఇల్లు తీసుకుని ఉంటే, వెనక ఇనప మెట్లున్న ఇల్లేనా కాదా చూసుకుని నాకు మెసేజ్ పెట్టండి, అలారం ఫోటోలు, తాళం ఫోటోలు పంపిస్తాను.