అక్వేరియం అడుగున గ్రావెల్ ఐదేళ్ళు, ఇసుక ఆరేళ్ళు: నా వాడకంలో తేలినది

మా హాల్లో ఉన్నది మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు గల మామూలు గాజు తొట్టి; నిండా పోస్తే నూరు లీటర్లకు కాస్త పైన పడుతుంది. 2014లో మొదలుపెట్టినప్పుడు దాని అడుగున గ్రావెల్, అంటే చిన్న గులకరాళ్ళు, పరిచాను. ఐదేళ్ళు గ్రావెల్‌తోనే నడిపి, 2019లో అంతా ఎత్తేసి ఇసుక పోశాను. పడకగదిలోని రెండడుగుల తొట్టిలో మాత్రం మొదట్లో వేసిన గ్రావెల్ ఇప్పటికీ అలాగే ఉంది. ఒకే ఇల్లు, ఒకే బోరు నీళ్ళు, కడిగే చేతులు కూడా ఒకటే కాబట్టి, ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు పుస్తకజ్ఞానం కన్నా నడుము నొప్పి ద్వారా ఎక్కువగా తెలిసింది. నా అభిప్రాయం ముందే చెబుతాను: అడుగున తిరుగుతూ మేసే చేపలు ఉంటే ఇసుకే వేయాలి, పైనా మధ్యా ఈదే గప్పీలు, మోలీల వంటివి మాత్రమే ఉంటే, ఉన్న గ్రావెల్ తీసేయడానికి పెద్ద కారణం లేదు.

మొదటిసారి దుకాణంలో నేను కొన్నది నీలం రంగు గ్రావెల్. "చేపలు దీని మీద బాగా ఎత్తి కనబడతాయి సార్" అన్నాడు అమ్మిన కుర్రవాడు. బకెట్‌లో వేసి కడుగుతుంటే నీలిమందు కలిపినట్టు నీళ్ళు వచ్చాయి, ఆరు నెలలకు సగం రాళ్ళు తెల్లబడ్డాయి. దాన్ని పారేసి, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల పరిమాణంలో ఉన్న, రంగు వేయని నది గులక తెచ్చుకున్నాను. గ్రావెల్ గురించి ఇకపై నేను చెప్పే మంచీ చెడూ ఈ రెండో దాని గురించే.

గులకరాళ్ళ మధ్య సందులుంటాయి కాబట్టి చేపల విసర్జన, తినకుండా మిగిలిన మేత, రాలిన ఆకుల తునకలు అన్నీ ఆ సందుల్లోంచి కిందికి జారిపోతాయి. పైకి చూస్తే తొట్టి అద్దంలా ఉంటుంది. ఈ సుఖమే దాని మోసం కూడా. రెండు వారాలకోసారి నీళ్ళను కింది బకెట్‌లోకి లాగే, వెడల్పు మూతి ఉన్న సైఫన్ గొట్టాన్ని గులకలోకి దించితే, రాళ్ళు గొట్టంలో గిరగిర తిరిగి కిందపడతాయి, వాటి మధ్య దాగిన మడ్డి మాత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో బకెట్‌లోకి దిగుతుంది. అప్పటిదాకా శుభ్రంగా ఉందనుకున్న తొట్టి అడుగున ఇంత ఉందా అని ప్రతిసారీ అనిపించేది. ఒక నెల ఊరికి వెళ్ళి ఈ పని మానేసినా, మేత కాస్త ఎక్కువైనా, ఆ మడ్డి అక్కడే కుళ్ళుతూ, ఎక్కువైతే చేపలకు చెరుపు చేసే నైట్రేటును నీటిలో పెంచుతుంది. కంటికి కనబడదు కాబట్టి మనమూ తొందరపడము.

నన్ను ఇసుక వైపు తిప్పినవి మాత్రం కోరిడోరాస్ చేపలు. దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చిన ఈ చిన్న మీసాల చేపలు గుంపుగా అడుగునే తిరుగుతాయి. 2017లో ఆరింటిని తెచ్చి గ్రావెల్ తొట్టిలో వేశాను. ఏడాది తిరిగేసరికి వాటి నోటి దగ్గరి మీసాలు పొట్టివై, రెండు చేపలకైతే మొండి మాత్రం మిగిలింది. రాళ్ళ అంచులు గీరుకుపోవడం వల్లనే ఇలా అవుతుందని కొందరు, రాళ్ళ కింద పేరుకున్న మురికిలోని బాక్టీరియా వల్ల అని కొందరు అంటారు. నా తొట్టిలో రెండూ ఉన్నాయి కాబట్టి ఈ తగవు నేను తీర్చలేను. ఇసుకలోకి మారిన తరువాత నాలుగైదు నెలల్లో, మొదలంటా అరగని వాటికి మీసాలు తిరిగి పెరిగాయన్నది మాత్రం నా కళ్ళతో చూసినది. అంతకన్నా ముఖ్యంగా, అవి తినే తీరే మారిపోయింది. కళ్ళ దాకా మూతిని ఇసుకలో గుచ్చి, నోటినిండా తీసుకుని, తినదగినది ఉంచుకుని, మిగిలిన ఇసుకను మొప్పల సందుల్లోంచి రెండు వైపులా సన్నని ధారలుగా వదులుతాయి. గ్రావెల్ మీద రెండేళ్ళు పెంచినా వాటికి ఈ విద్య ఉందని నాకు తెలియలేదు.

ఇసుక వేయాలనుకోవడం తేలిక, సరైన ఇసుక దొరకడం కష్టం. మొదట ఎదురింటి కట్టుబడి దగ్గర నుంచి రెండు బకెట్లు అడిగి తెచ్చుకున్నాను. అది నది ఇసుక కాదు, రోబో ఇసుక. గ్రానైట్ రాయిని యంత్రంలో ఆడించి చేసేది కాబట్టి దాని రేణువులు కోసుగా ఉంటాయి, రాతిపొడి కూడా విపరీతంగా ఉంటుంది. అరచేతిలో వేసి నలిపితే గరుకుదనం వెంటనే తెలుస్తుంది. పది కడుగుళ్ళ తరువాత కూడా నీళ్ళు సిమెంటు రంగులోనే ఉంటే మొక్కల కుండీల్లో పోసేశాను. తరువాత ప్రయత్నించినది గోదావరి ఇసుక. రేణువు నునుపు, రంగు చక్కగా ఉంటుంది, అభ్రకం తునకలు దీపం కింద మెరుస్తాయి, కానీ కట్టుబడికి వచ్చే ఇసుకలో మట్టి, పుల్లలు, గవ్వ ముక్కలు అన్నీ ఉంటాయి. రెండు జల్లెళ్ళు పట్టి పెద్దదీ పొడిదీ తీసేస్తే అసలు పనికొచ్చేది మూడోవంతే మిగిలింది. ఓపిక ఉన్నవారికి అది మంచి ఇసుకే. సముద్రపు ఇసుక జోలికి మాత్రం పోవద్దు. అందులోని గవ్వల పొడి నీటి కాఠిన్యాన్ని, అంటే నీటిలో కరిగి ఉండే సున్నాన్ని, పెంచుతూ పోతుంది. అనుమానం ఉన్న ఏ ఇసుక మీదనైనా కాస్త వెనిగర్ పోసి చూస్తే సున్నం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. బుడగలు పొంగితే అది తొట్టికి పనికిరాదు.

చివరికి కుదిరినది బోరు నీటి ఫిల్టర్లలో, ఈత కొలనుల ఫిల్టర్లలో పోసే సిలికా ఇసుక. మన దగ్గర గూడూరు, చిల్లకూరు ప్రాంతాలు ఈ ఇసుకకు పేరు పొందినవే. నేను తీసుకున్నది 16/30 గ్రేడు, అంటే రేణువు సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇంతకన్నా సన్నని ఇసుక అట్టకట్టినట్టు బిగుసుకుపోతుంది, సైఫన్ పెట్టగానే నీళ్ళతోపాటు లేచి వస్తుంది. ఇది మాత్రం లేచినా బరువుకు వెంటనే కిందికి దిగుతుంది. అక్వేరియం దుకాణంలో చిన్న సంచుల్లో అమ్మే ఇసుకతో పోలిస్తే ధర సగం కూడా కాలేదు. అయినా దాన్ని కడగడం తప్పదు. మేడ మీద గొట్టం పెట్టి, ఒక్కోసారి పావు బకెట్ చొప్పున వేసి, బియ్యం కడిగినట్టు చేత్తో కలిపి వంచేయాలి. మొదట కుడితిలా, తరువాత బియ్యం కడుగులా, ఆఖరికి తేటగా రావడానికి ఒక్కో వాయికి పదిహేను ఇరవై సార్లు పట్టింది. మధ్యలో విసిగి ఆపేస్తే ఆ బాకీ తొట్టిలో మూడు రోజులు తెల్లని మంచులా తీర్చుకుంటుంది.

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. ఒక ఆదివారం పొద్దున చేపలను బకెట్‌లోకి తీసి, పాత గ్రావెల్ మొత్తం ఎత్తేసి, సాయంత్రానికి ఇసుక పోసి, చేపలను తిరిగి వదిలాను. తొట్టి కొత్త పెళ్ళికూతురిలా ఉంది. మంగళవారం రాత్రికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి ఆయాసపడసాగాయి. పరీక్ష కిట్‌లో అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) చూపించింది. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు, తొట్టిలోని ప్రతి గట్టి వస్తువు మీదా పాకి ఉంటుంది. నా చిన్న ఫిల్టర్‌లో ఉన్నది కొంతే. మిగిలినదంతా ఏళ్ళుగా ఆ గులకరాళ్ళ మీదనే బతికింది, దాన్ని నేను బస్తాలో కట్టి మేడ మీద ఎండలో పడేశాను. వారం రోజులు రోజూ నలభై శాతం నీళ్ళు మార్చినా రెండు కోరిడోరాస్‌లు పోయాయి. పాత గ్రావెల్‌లో ఐదారు కిలోలను నైలాన్ సంచిలో కట్టి రెండు నెలలు తొట్టిలోనే ఒక మూలన ఉంచి, కొన్నాళ్ళు మేత తగ్గించి ఉంటే ఇది జరిగేది కాదు. మార్చుకునేవారు ఈ ఒక్క పని మరిచిపోకూడదు.

రోజువారీ శుభ్రతలో ఇసుక గ్రావెల్‌కు పూర్తిగా విరుద్ధం. మురికి లోపలికి దిగదు, పైనే పడి ఉంటుంది. మొదటి నెలలో ఇది కంటికి నలుసులా బాధించింది; ప్రతి రెట్టా, ప్రతి ఎండుటాకూ లేత రంగు ఇసుక మీద మచ్చలా కనబడేది. కానీ తీయడం ఎంత సులువో అలవాటయ్యాక తెలిసింది. సైఫన్ మూతిని ఇసుకకు వేలెడు ఎత్తులో ఉంచి నెమ్మదిగా తిప్పితే మురికి మాత్రమే లేచి వస్తుంది; ఇసుక లేవబోతే గొట్టాన్ని బొటనవేలితో ఒక్క క్షణం నొక్కితే చాలు, రేణువులు వెనక్కి జారిపోతాయి. గ్రావెల్‌కు ముప్పావు గంట పట్టిన పని ఇప్పుడు పది నిమిషాల్లో అవుతున్నది. మేత ఎక్కువ వేస్తున్నానన్న సంగతి కూడా ఇసుక వేసిన తరువాతనే నాకు అర్థమైంది.

ఇసుకతో వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి. మొదటి వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఫిల్టర్ గుర్రుమని శబ్దం చేసేది గానీ తిరిగేది కాదు. విప్పి చూస్తే లోపలి చిన్న చక్రం చుట్టూ నాలుగు రేణువులు ఇరుక్కుని ఉండేవి. నీళ్ళు పీల్చే గొట్టాన్ని అడుగు నుంచి జానెడు పైకి జరిపి, మూతికి స్పాంజి తొడిగాక ఆ బాధ పోయింది. ఆ రెండు పనులు చేయకముందే చక్రం అరిగి ఒకసారి మార్చాల్సి వచ్చింది. రెండోది అద్దం మీది గీతలు. నాచు గీకే అయస్కాంతపు బ్రష్‌లో ఒక్క రేణువు ఇరుక్కున్నా అది అద్దం మీద గీతను శాశ్వతంగా రాసిపోతుంది. మా తొట్టి ముందు భాగంలో కింద ఎడమవైపున చంద్రవంక లాంటి గీత ఒకటుంది, చూసిన ప్రతివారూ అది పగులేమోనని అడుగుతారు.

మూడోది, చాలామంది భయపడేది, ఇసుక లోపల గాలి ఆడక నల్లబడటం. ప్రాణవాయువు అందని చోట చేరిన బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును పుట్టిస్తుంది. కదిలిస్తే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. నా తొట్టిలో మొదట వెనుక వైపు అందం కోసం ఆరేడు సెంటీమీటర్లు పోసిన చోటనే అద్దానికి ఆనుకుని నల్లని మచ్చలు కనిపించాయి, నాలుగు సెంటీమీటర్లున్న చోట రాలేదు. వెనుక భాగం తగ్గించి, నెలకోసారి అల్లిక పుల్లతో అక్కడక్కడా గుచ్చుతూ వచ్చాను. ఆ తరువాత ఆ పని కూడా మలేషియన్ ట్రంపెట్ నత్తలు తీసుకున్నాయి. మొక్కలతోపాటు అడగకుండా వచ్చిన ఈ శంఖాల్లాంటి చిన్న నత్తలు పగలంతా ఇసుకలో దూరి తిరుగుతాయి, రాత్రి దీపం వేసి చూస్తే అద్దమంతా పాకి ఉంటాయి. మేత మిగిల్చితే వందల్లో పెరుగుతాయి, తగ్గిస్తే అవే తగ్గుతాయి.

ఇసుకలో మొక్కలు పెరగవన్న మాట నేను చాలాసార్లు విన్నాను. సిలికా ఇసుకలో పోషకాలు ఏమీ ఉండవన్నది నిజమే. గ్రావెల్‌లో సందుల్లోని మడ్డే వేళ్ళకు ఎరువయ్యేది. ఇక్కడ మూడు నెలలకోసారి వేళ్ళ దగ్గర ఎరువు మాత్రలు గుచ్చుతున్నాను. పొడవాటి గడ్డిలాంటి వాలిస్నేరియా మొక్క మాత్రం ఇసుక కిందుగా తీగలు పంపి తొట్టి వెనుక గోడంతా ఆక్రమించింది. క్రిప్టోకోరైన్ అనే మరో నీటి మొక్క మాత్రం, ఇసుకలోకి మార్చగానే ఆకులన్నీ కరిగిపోయి నెలన్నర మోడుగా ఉండి, మళ్ళీ చిగిర్చింది.

ఇసుక తొట్టిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2020లో చేరిన, పాములా సన్నగా పొడవుగా ఉండే బొమ్మిడాయి. గోదావరి జిల్లాల వారికి ఈ చేపను పరిచయం చేయనక్కర్లేదు. మా అమ్మ దాన్ని చూసి "పులుసు పెట్టుకునే చేపని గాజు తొట్టిలో పెట్టి మేపుతున్నావేంట్రా" అంది. పగలంతా అది ఇసుకలో పూర్తిగా పూడుకుపోయి, సన్నని మూతీ రెండు కళ్ళూ మాత్రం బయట పెట్టి ఉంటుంది. ఎర పురుగులు వేసినప్పుడు ముందు ఆ మూతి అటూ ఇటూ కదులుతుంది, తరువాత ఇసుక పొడవునా ఒక గీత విచ్చుకుంటుంది, అప్పుడు ఒళ్ళంతా బయటికి వస్తుంది. గ్రావెల్‌లో ఇలా దూరబోతే చర్మం గీరుకుని పుండు పడుతుంది. తొట్టి మీద సందు లేని మూత మాత్రం ఉండాలి, ఎందుకంటే గొట్టం దూరే రంధ్రంలోంచి కూడా ఇది బయటపడగలదు. తెల్లటి ఇసుక మీద దీని రంగు మొదట వెలిసినట్టు అయింది. వీధిలో రాలిన ఎండు బాదం ఆకులు కడిగి నాలుగు వేశాక గోధుమ రంగు మళ్ళీ తేరింది.

అయినా పడకగదిలో గ్రావెల్ ఉంచడానికి కారణాలున్నాయి. అందులో మోలీలు, గప్పీలు పెరుగుతాయి. అవి పిల్లలను పెట్టగానే తల్లులే తినబోతాయి. చీమంత పిల్లలు గులక సందుల్లో దూరి బతుకుతాయి. ఇసుక మీద వాటికి దాక్కునే చోటే లేదు. అడుగున పలక పరిచి గాలి పంపుతో నడిపే అండర్ గ్రావెల్ ఫిల్టర్ కూడా అందులోనే ఉంది, దాని మీద ఇసుక వేస్తే కంతలన్నీ పూడుకుపోతాయి. ఆ తొట్టిలో కొన్ని తెల్లని పాలరాతి ముక్కలు కూడా కలిశాయి. అవి నీటి కాఠిన్యాన్ని పెంచుతాయి కాబట్టి హాల్లోని తొట్టిలో నేను వేయను. మోలీలకు గట్టి నీళ్ళే నప్పుతాయి కాబట్టి అక్కడ వాటిని అలాగే వదిలేశాను.

ఎంత కొనాలన్నది తేల్చుకోవడానికి పొడవు, వెడల్పు, కావలసిన మందం సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటరుకు కిలోన్నర పైచిలుకు లెక్కన వేసుకుంటే సరిపోతుంది. మా మూడడుగుల తొట్టికి నాలుగు సెంటీమీటర్ల మందానికి సుమారు పద్దెనిమిది కిలోలు పట్టింది. బరువైన రాళ్ళు ఉంటే ముందు వాటిని గాజు మీద సరిగా ఆనించి, ఆ తరువాతే ఇసుక పోయాలి, లేకపోతే చేపలు కింద తవ్వితే రాళ్ళు ఒరుగుతాయి. 2023లో ఇల్లు మారినప్పుడు ఆ ఇసుకంతా చేటతో ఎత్తి బకెట్లలో వేశాను. నాలుగేళ్ళ తరువాత కూడా తొట్టిలో పెట్టిన పెద్ద చెక్క మొద్దు కింద అరచేయంత మేర తప్ప ఎక్కడా నల్లదనం లేదు, వాసన లేదు. రెండు నీళ్ళకు కడిగి, కొత్త ఇంట్లో అదే ఇసుక మళ్ళీ పోశాను. ఈసారి ఫిల్టర్ స్పాంజిని ఆరనివ్వకుండా పాత నీళ్ళలోనే మోసుకొచ్చాను. అమ్మోనియా సున్నా దాటలేదు.