చక్రం ఫుట్‌పాత్ అంచుకు గుద్దుకుంటే: అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) దారంతో కొలవాలా, మెషీన్ మీద పెట్టించాలా?

దారం: ఖర్చు దాదాపు లేదు, ఓపిక కావాలి. స్టీరింగ్ నిటారుగా ఉంచి, కారుకు సమాంతరంగా దారం బిగించి, రిమ్ ముందంచు, వెనకంచు దూరాలు కొలిస్తే టో (చక్రం ముందంచు లోపలికో, బయటికో తిరిగి ఉండటం) తేడా బయటపడుతుంది. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే, చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు ముందుకో, వెనక్కో వాలే కోణం) మాత్రం దీనికి అందదు.

మెషీన్: డబ్బవుతుంది, కానీ నాలుగు చక్రాల కోణాలూ కాగితం మీదకొస్తాయి. దెబ్బ తగిలిన వైపే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో, బయటికో వాలటం) బాగా తేడా ఉంటే, చక్రాన్ని పట్టి ఉంచే స్ట్రట్టో, కంట్రోల్ ఆర్మో వంగిందని అనుమానించాలి. అసలు ప్రమాదం ఇక్కడే: స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ వంగినా, దాన్ని మార్చకుండా అంకెలు మాత్రం సరిచేసి పంపేస్తారు. ముందు రాడ్ మార్పించండి, ఆ తర్వాతే అలైన్‌మెంట్.

స్టీరింగ్ కాస్త వంకరగా ఉన్నా బండి నేరుగా పోతుంటే, మొదటి అంచనాకు దారం చాలు. పక్కకు లాగుతుంటే మెషీనే. వణుకుతుంటే రిమ్ వంగిందేమో చూపించండి, అది అలైన్‌మెంట్‌తో పోదు. టైరు పక్కగోడ ఉబ్బితే ఏ కొలతా వద్దు, వెంటనే స్టెప్నీ వేయండి.