ఆగిపోయిన పుస్తక చర్చను మళ్లీ నడిపించాలంటే ఏది మేలు?

చిన్న పట్టణాల్లో నెలనెలా జరిగే సాహిత్య చర్చలు చాలావరకు ఒకే తీరుగా ఆగిపోతాయి. మొదట్లో గది నిండుతుంది, పోనుపోను మాట్లాడేవాళ్లు ముగ్గురే మిగులుతారు, వాళ్లలో ఒకరికి బదిలీ అయితే ఇక అంతే. మళ్లీ మొదలుపెడదాం అనుకోగానే ఎవరో ఒకరు "పెద్ద సభ పెడదాం, పేరున్న రచయితను పిలుద్దాం" అంటారు.

సభ పెడితే జనం వస్తారు, పేపర్లో ఫొటో కూడా పడుతుంది. కానీ వచ్చినవాళ్లంతా వినడానికే వస్తారు. వేదిక మీద ఆరుగురు, ఒక్కొక్కరికీ శాలువా, అధ్యక్షుల వారి తొలిపలుకులే అరగంట, చివరికి ప్రశ్నలకు టైమ్ ఉండదు. హాలు అద్దె, అతిథి ప్రయాణం, భోజనాలు కలిపితే ఏడాది పాటు గోష్ఠి నడిపే డబ్బు ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, వచ్చే నెల చూస్తే మళ్లీ ఆ పాత ముఖాలే. 1914లో బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ సభనే చూడండి. అప్పటికే ఊళ్లలో గ్రంథాలయాలు నడుస్తున్నాయి, వాటిని నడిపేవాళ్లు ఒకచోట కలిశారు. ముందు పని, తర్వాత సభ. మనం తలకిందులుగా చేస్తున్నాం.

పోటీల సంగతి వేరు. నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పెడితే పిల్లలు బాగానే వస్తారు, అది వాళ్లకు మంచిదే. కానీ సర్టిఫికెట్ చేతికి రాగానే వెళ్లిపోతారు. గెలిచిన పిల్లను వచ్చే నెల చర్చకు పిలిచి, రాసింది చదివించి, పెద్దవాళ్లు దాని మీద మాట్లాడితే అప్పుడు ఉపయోగం.

మనమే జనం దగ్గరికి వెళ్లడం నాకు చాలా ఇష్టమైన దారి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పించారు, ఒడ్డునున్న ఊళ్లవాళ్లకు చదువు అలా అందింది. ఇవాళ కాలేజీలోనో అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లోనో కూర్చోవచ్చు. చిక్కల్లా, చోటు ప్రతి నెలా మారితే పెద్ద వయసువాళ్లు రాలేరు, "ఈసారి ఎక్కడ?" అని అడిగి అడిగి మానేస్తారు. మూడు నాలుగు నెలలకోసారి చాలు.

నన్నడిగితే అన్నిటికన్నా మేలు, ఒకే రోజు, ఒకే చోట, చిన్న కూటమి. రెండో ఆదివారం అంటే రెండో ఆదివారమే, నలుగురే వచ్చినా సరే. ఇంట్లో నవల చదివి రమ్మంటే సగం మంది మొహమాటంతో ఆగిపోతారు, అందుకే ఐదారు పేజీల కథ అక్కడే పైకి చదవాలి. తర్వాత "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అని ఊరుకుంటారు. "ఆ తల్లి పొలం అమ్మనివ్వకపోవడం న్యాయమేనా?" అని అడిగి చూడండి, గొడవ మొదలవుతుంది! కొత్తగా వచ్చినవాళ్లు మాట్లాడాకే పాతవాళ్లు అందుకోవాలి. గంటన్నరకు కచ్చితంగా ముగించాలి, లేకపోతే బస్సు పట్టుకోవాల్సినవాళ్లు, ఇంటికెళ్లి వంట చేయాల్సిన ఆడవాళ్లు టెన్షన్ పడుతూ కూర్చుని వచ్చే నెల రారు.

పిలుపు కూడా ముఖ్యమే. వాట్సాప్‌లో పోస్టర్ పెడితే బొటనవేలు గుర్తులు వస్తాయి, మనుషులు రారు. ఫోన్ చేసి "మీరు జూట్ మిల్లులో పనిచేశారు కదండీ, ఈసారి కథ మిల్లు గురించే, అందులో రాసింది నిజమో కాదో మీరే చెప్పాలి" అంటే ఆయన తప్పకుండా వస్తారు, పక్కింటాయన్ని కూడా తీసుకొస్తారు. ఈ ఫోన్ల పని ఒక్కరి మీదే వేస్తే ఏడాదికి విసుగొస్తుంది, కనీసం ఇద్దరు పంచుకోవాలి. ఫలితం కూడా వెంటనే కనిపించదు, ఆర్నెల్లు ఓపిక పట్టాలి.

చోటు కోసం శాఖా గ్రంథాలయాన్నే అడగండి. మన ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, అడగడానికి సంకోచం ఎందుకు? చేతిలో ఉన్న డబ్బు కథల జిరాక్స్‌లకు, టీకి సరిపోతుంది.