క్వాంటం గురుత్వం: ఏళ్ల తరబడి వాడిన పుస్తకాలు, నోట్సులపై ఒక సమీక్ష

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతూ, తీరిక దొరికినప్పుడల్లా క్వాంటం గురుత్వం, అంటే గురుత్వాకర్షణను క్వాంటం సిద్ధాంతంతో కలిపే ప్రయత్నాల గురించి చదువుకుంటున్నవాణ్ణి. ఈ విషయం మీద పుస్తకాలకు కొరత లేదు. అయితే తాను చెప్పే మార్గం ఎక్కడ ఆగిపోయిందో పాఠకుడికి దాచకుండా చెప్పే పుస్తకాలు తక్కువ. నేను వాడినవాటిని ఆ లెక్కనే తూచాను.

పునాదికి షాన్ క్యారల్ 1997లో పరిశోధన వ్యాసాల వెబ్‌సైట్ ఆర్కైవ్ (arXiv)లో ఉచితంగా ఉంచిన సాధారణ సాపేక్షత (ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతం) నోట్సు చాలు. టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ వేయించుకున్న నా ప్రతికి అట్ట ఎప్పుడో ఊడిపోయింది కానీ, స్థలకాల వక్రతను అంత ఓపికగా వివరించిన మరో నోట్సు నాకు తారసపడలేదు.

స్థలాన్నే క్వాంటం నియమాలకు లోబరిచే లూప్ మార్గానికి గాంబీని, పుల్లిన్ 2011లో వెలువరించిన చిన్న ప్రవేశ గ్రంథాన్నే ఎక్కువగా వాడాను. విద్యుదయస్కాంత సిద్ధాంతం వచ్చిన విద్యార్థిని చెయ్యి పట్టుకుని, 1986లో సాధారణ సాపేక్షతను అలాంటి రూపంలో రాయడానికి అభయ్ అష్టేకర్ ప్రవేశపెట్టిన చరరాశుల దాకా అది తీసుకువెళుతుంది. వైశాల్యం విడివిడి విలువలనే తీసుకుంటుందన్న ఫలితాన్ని కాగితం మీద వేసి చూడటం మంచి అభ్యాసం: స్థలాన్ని వర్ణించే గీతల వలలో స్పిన్ 1/2 అనే అంకె ఉన్న ఒక్క గీత ఉపరితలాన్ని ఛేదిస్తే వచ్చే వైశాల్యం 4√3π, గామా అనే స్థిరాంకం, ప్లాంక్ పొడవు వర్గం, ఈ మూడింటి లబ్ధం. ప్లాంక్ పొడవు సుమారు 1.6×10⁻³⁵ మీటర్లు. మరి గామా ఎంత? సిద్ధాంతం తనంతట తాను చెప్పదు. కృష్ణబిలం ఎంట్రోపీ దాని ఉపరితల వైశాల్యానికి అనుపాతంలో ఉంటుందనే బెకెన్‌స్టీన్, హాకింగ్‌ల సూత్రానికి సరిపోవాలన్న షరతు పెట్టి దాన్ని రాబట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. తేలని ప్రశ్నలకూ వివాదాలకూ చివరి అధ్యాయాన్నే కేటాయించినందుకు ఈ పుస్తకానికి నా మొదటి ఓటు.

కణాలను కంపించే సన్నని తంతువులుగా చూసే స్ట్రింగ్ సిద్ధాంతానికి జ్వీబాక్ పాఠ్యపుస్తకం డిగ్రీ స్థాయి నుంచే మొదలవుతుంది. క్వాంటీకరణ తర్వాత కూడా లోరెంట్జ్ సౌష్ఠవం (స్థిర వేగంతో కదిలే పరిశీలకులందరికీ నియమాలు ఒకటే కావడం) చెడకూడదని పట్టుబడితే, అన్నిటికంటే సరళ నమూనా అయిన బోసానిక్ స్ట్రింగ్‌కు కాలంతో కలిపి 26 మితులు తప్పనిసరి కావడాన్ని లెక్కతో సహా చూపిన అధ్యాయం ఒక్కటే పుస్తకం ధరకు సరిపోతుంది. వాటిలో మనకు కనిపించే నాలుగు మాత్రమే ఎలా మిగిలాయన్న చోట సహజంగానే పట్టు సడలుతుంది. డేవిడ్ టాంగ్ నోట్సు ఉచితమే కానీ, క్వాంటం క్షేత్ర సిద్ధాంతం రానివారికి మొదట్లోనే కొరుకుడు పడదు. ఇక యూట్యూబ్‌లోని పాపులర్ వీడియోల సంగతి: ఆసక్తి పుట్టించడానికి పనికొస్తాయి, అంతకు మించి కాదు.

నేను ఆలస్యంగా చేరిన మార్గం కాజల్ (causal) సెట్లది, అంటే కార్యకారణ సమితులది. 1987లో బొంబెల్లీ, లీ, మేయర్, సార్కిన్ ప్రతిపాదించిన ఈ విధానంలో స్థలకాలం అంటే కార్యకారణ క్రమంలో అమరిన బిందువుల సమితి. ఘనపరిమాణం కావాలంటే బిందువులను లెక్కపెట్టాలి. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు చెందిన సుమతీ సూర్య 2019లో రాసిన ఉచిత సమీక్షా వ్యాసం దీనికి సరైన ద్వారం. విశ్వ విస్తరణను వేగవంతం చేసే విశ్వ స్థిరాంకం పరిమాణాన్ని, ఆ వేగం పెరుగుతోందని చూపిన 1998 నాటి పరిశీలనలకు ముందే సార్కిన్ అంచనా వేసిన తీరు అందులో ఉంది. పూర్తి క్వాంటం గతిశాస్త్రం ఇంకా కుదరలేదన్న మాటా ఉంది. సమితులు, పాక్షిక క్రమం తెలిస్తే మొదటి భాగాలు అర్థమవుతాయి కనుక, మా కాలేజీలో భౌతికశాస్త్రం పిల్లలకంటే గణితం పిల్లలే దీన్ని ముందు అందుకున్నారు.