పెద్ద డ్రైయర్: వెంటెడా, హీట్ పంపా?

దుప్పట్లు, బొంతలు ఆరేంత పెద్ద డ్రైయర్ కొనేముందు గోడ చూసుకోండి. వెంటెడ్ రకానికి తడిగాలి బయటికి పోయే 4 అంగుళాల గొట్టం కావాలి. అది పొడవైనా, వంపులు ఎక్కువైనా గాలి మందగిస్తుంది. లోపల పీచు పేరుకుంటే బట్టలు ఆరవు సరికదా, నిప్పంటుకునే ప్రమాదం కూడా! ప్లాస్టిక్ గొట్టం వద్దే వద్దు. నున్నటి లోహపుదే వేయించి, ఏడాదికోసారైనా శుభ్రం చేయించండి.

హీట్ పంప్‌కి గొట్టం అక్కర్లేదు. ఉన్న గాలినే తిప్పుతూ, తేమను నీరుగా మార్చి తొట్టిలోకో డ్రెయిన్‌లోకో పంపుతుంది. కరెంటు దాదాపు సగమే, వేడి తక్కువ కాబట్టి బట్టకూ మేలు. సమయం మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. అయినా మా ఓటు దీనికే.

ఏది కొన్నా, బొంత ఉండచుట్టుకుంటే నడిమి భాగం తడిగానే మిగులుతుంది. మధ్యలో ఆపి, దులిపి, తిరగేసి వేయండి.